21 నిశ్చితార్థం పళ్ళాలకు శాటిన్ రిబ్బన్: ఎన్ని రోల్స్? ఏ గమ్ము?

కూకట్‌పల్లి_కోడలు
నిశ్చితార్థానికి 21 పళ్ళాలు అలంకరించాలి. అన్నీ 12 అంగుళాల స్టీలువే. సగం అడిగి తెచ్చినవి, మరక లేకుండా తిరిగి ఇవ్వాలి. అంచు చుట్టూ అంగుళం రిబ్బన్‌తో బాక్స్ ప్లీట్లు (రెండు వైపుల నుంచి లోపలికి మడిచి, పెట్టెలా వరసగా వేసే మడతలు) అనుకున్నాం, మెరూన్ కొన్ని, క్రీమ్ కొన్ని. నాలుగు సందేహాలు: ఎన్ని రోల్స్ కొనాలి? స్టీలుకి ఏ గమ్ము? పోగులు ఊడకుండా క్రీమ్ రిబ్బన్ కొసలు కాలిస్తే నల్లబడుతున్నాయి, ఎందుకు? పసుపు కుంకుమ పళ్ళెం దగ్గర మరకలు పడకుండా ఏం చెయ్యాలి?

రిబ్బన్_రాణి
మంట కొనకు పెడితే నల్లబడక ఏమవుతుందండీ. పైన పసుప్పచ్చగా వెలిగే భాగమంతా మసే, లేత రంగుల మీద వెంటనే అంటుకుంటుంది. కొవ్వొత్తి వత్తి మొదట్లో నీలంగా ఉండే చోటికి కొసను పక్కనుంచి తీసుకెళ్ళండి, మంటకు తగలనివ్వకండి. ఆ వేడికే పోగులు కరిగి సన్నని గట్టు కడతాయి. రెప్పపాటు చాలు. ఫ్యాన్ ఆపండి, పాలిస్టర్ చున్నీ వేసుకుని కూర్చోకండి.

సోల్డరింగ్_సాంబ
ఇంకా కొవ్వొత్తులేనా? వైర్లు అతికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, దానికి సన్న మొన బిట్టు (వేడెక్కే కొన) తీసుకోండి. కింద టైల్ ముక్క, మీద స్టీలు స్కేలు. గీత గీసినట్టు ఒక్క లాగుడు, కోయడమూ అంచు మూసుకోవడమూ ఒకేసారి అయిపోతాయి. పాలిస్టర్ 250 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఐరన్ మొన అంతకన్నా చాలా వేడి. చెయ్యి ఆగిందా, అక్కడ గోధుమరంగు గడ్డ. వైర్లు అతికిన పాత బిట్టు వద్దు, దాని మీది సీసం మరక దిగుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి.

రిబ్బన్_రాణి
ఐరన్ వేడెక్కేలోపు కొవ్వొత్తి దగ్గర ముప్పై కొసలు అయిపోతాయి. పైగా స్కేలు కూడా వేడెక్కి రిబ్బన్ ముడుచుకుంటుంది.

సోల్డరింగ్_సాంబ
స్కేలు వేడెక్కేది నింపాదిగా లాగేవాళ్ళకి. పూల రేకులకి 5 సెంటీమీటర్ల చతురస్రాలు రెండొందలు కోసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అమీర్‌పేట_ఆర్ట్స్
లైటర్ మాత్రం వాడకండి. మంట వంకర పోతుంది, లోహపు మూతి వేడెక్కి బొటనవేలు కాలుతుంది. కాల్చకుండా కొసలకి నెయిల్ పాలిష్ రాసేవాళ్ళు రంగులేనిదే, సన్నగా రాయండి. చిక్కగా రాస్తే తడి పీల్చుకుని నూనె మరకలా పరుచుకుంటుంది.

మల్కాజిగిరి_మాస్టారు
ఆవిడ అడిగింది ఎన్ని రోల్స్ అని. 12 అంగుళాల పళ్ళెం చుట్టుకొలత సుమారు 38 అంగుళాలు, అంటే 96 సెంటీమీటర్లు. బాక్స్ ప్లీటుకి మూడింతలు కావాలి: 2.88 మీటర్లు. మడతకీ కలుపుకీ కలిపి 3 మీటర్లు అనుకోండి. 21 పళ్ళాలకి 63 మీటర్లు.

రిబ్బన్_రాణి
మూడింతలు దేనికి మాస్టారూ? రెండింతలతో బ్రహ్మాండంగా వస్తుంది.

మల్కాజిగిరి_మాస్టారు
రెండింతలతో వచ్చేవి కుచ్చులమ్మా, దారం లాగి ముడిచేవి. బాక్స్ ప్లీటులో ప్రతి అంగుళం కింద రెండు అంగుళాలు దాక్కుంటాయి. ప్లీటుకీ ప్లీటుకీ మధ్య ఖాళీ వదిలితే మీ లెక్క సరిపోతుంది, కానీ ఆ ఖాళీలో స్టీలు కనబడుతుంది.

గల్లీ_గంగవ్వ
మాస్టారు లెక్క సక్కగుంది గని, రోల్ లెక్క జెప్పలె. రోల్ మీద 25 అని రాసుంటె అది ఎక్కువగ గజాలు, మీటర్లు గాదు. 25 గజాలంటె 22.86 మీటర్లే. మూడు రోల్స్‌కు 68 మీటర్ల పైన వస్తది, 63కు సరిపోతది. గని మీయి రెండు రంగులు. ఒక రంగు పది, ఒక రంగు పదకొండు పళ్ళాలంటె ఒక్కో రంగుకు 30, 33 మీటర్లు. అంటె రంగుకు రెండు, మొత్తం నాలుగు కొనాలె. బేగంబజార్‌ల గాని జనరల్ బజార్‌ల గాని, ఒకే రంగు రోల్స్ ఒకటేసారి తీసుకోర్రి. మళ్ళొచ్చి తీసుకుంట అంటె అద్దకం మారి మెరూన్‌ల తేడా కొడతది. కొన్ని రోల్స్‌ల అట్ట చక్రమే లావు, రిబ్బన్ పల్చగ చుట్టి ఉంటది. రెండు రోల్స్ పక్కపక్కన వెట్టి చూసినంకనే పైసలియ్యిర్రి.

డెకర్_దొర
కల్యాణ మండపాలకు డెకరేషన్ మా వృత్తి, కాబట్టి ఈ చర్చను ఇక్కడితో ముగిస్తున్నాను. ఒక్కో పళ్ళేనికి ఒకే పొడవు రిబ్బన్, దానికి రెండే కొసలు. ఆ రెండూ కలిసే చోట సెంటీమీటరు లోపలికి మడిచి ఒకదాని కింద ఒకటి దోపితే బయటికి కనబడవు. కాల్చే పనే లేదు! కొవ్వొత్తి, ఐరన్ అని ఇంత కొట్లాట దేనికి?

సోల్డరింగ్_సాంబ
దొరగారూ, మధ్యలో పెట్టే బోలకి (సీతాకోకచిలుకలా కట్టే రిబ్బన్ ముడులకి) తోకలు ఉండవా? ఆ తోకల చివర V ఆకారపు కోతని ఎక్కడ దోపుతారు?

డెకర్_దొర
ఆవిడ బో అని అన్నారా? పోస్టు చదవండి.

నిజాంపేట_నీల
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు: రిబ్బన్ ఒకవైపే మెరిసేదా, రెండువైపులా మెరిసేదా? ప్లీట్లకి ఒకవైపు మెరుపు చాలు, చవక కూడా. బోకి మాత్రం రెండువైపులా ఉండాలి, లేకపోతే మెలిక తిరిగిన చోట మొద్దు ముఖం బయటపడుతుంది. ఇంకోటి, ‘ప్యూర్ సిల్క్ శాటిన్’ అని బజార్లో అమ్మేది దాదాపు అంతా పాలిస్టరే. శాటిన్ అనేది నేత రకం, నూలు పేరు కాదు. చిన్న ముక్క కాల్చి చూడండి: ముడుచుకుపోయి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. వెంట్రుకలు కాలిన వాసనతో, నలిపితే పొడయ్యే బూడిద వస్తే పట్టు. కాగితం కాలిన వాసనైతే రేయాన్, దానికి మంట పెట్టినా అంచు కరగదు.

గల్లీ_గంగవ్వ
గిదే ప్లీట్ సద్దుల బతుకమ్మ తాంబాళానికి ఏస్తె మస్తుంటది.

తంగేడు_తల్లి
బతుకమ్మకు రిబ్బనేందమ్మా? గునుగు, తంగేడు చెరువుల ఏస్తె కుళ్ళి నీళ్ళల్ల కలుస్తయి. పాలిస్టర్ కలుస్తదా? ఏండ్లు వడ్డా అట్లనే ఉంటది. ఇప్పటికే ప్లాస్టిక్ పూలు జొప్పించుడు మొదలుపెట్టిన్రు.

గల్లీ_గంగవ్వ
అక్కా, తాంబాళానికి అన్న, పూలల్ల అనలె! నిమజ్జనంల తాంబాళాన్ని ఇడిచిపెడతమా ఏంది, ఇంటికి తెచ్చుకుంటం గద. రిబ్బన్‌ను క్లిప్పులతోని పట్టిచ్చి, చెరువుకాడికి పోయేముందు ఊడదీస్తె సరి.

తంగేడు_తల్లి
ఊడదీసుడు యాదికుంటె మంచిదే.

కూకట్‌పల్లి_కోడలు
అండీ, గమ్ము?

అమీర్‌పేట_ఆర్ట్స్
తెల్ల గమ్ము అసలు వద్దు. అందులో నీరు ఉంటుంది, ఆరేలోపు శాటిన్‌లోకి ఇంకి ముడతలు, చారలు పడతాయి. చుక్కల గమ్ము, అదే క్షణంలో అంటుకునేది, ఇంకిన చోట రాయిలా గట్టిపడి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. మెరూన్ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లూ గన్నే గతి. వేడి తక్కువ రకం కొనండి, ఎక్కువ వేడి రకం పల్చటి రిబ్బన్‌ను ముడతలు పెడుతుంది.

డెకర్_దొర
స్టీలు మీద నేరుగా గ్లూ గన్నా? లోహం వేడిని లాగేస్తుంది, జిగురు పట్టకముందే గడ్డకట్టి పెచ్చులా ఊడొస్తుంది. పళ్ళెం ఎత్తగానే ప్లీట్లన్నీ చేతికొస్తాయి. మా పద్ధతి ఇది. ముందు పళ్ళేన్ని నూనె జిడ్డు లేకుండా తుడిచి, అంచు చుట్టూ అర అంగుళం కాగితపు మాస్కింగ్ టేపు అతికించండి. ప్లీట్లను పళ్ళెం మీద మడవొద్దు, విడిగా మడిచి పై అంచుకి ఒక వరస కుట్టు వెయ్యండి. ఆ కుట్టు పట్టీని టేపు మీద గ్లూ గన్‌తో అతికించండి, మూడు అంగుళాలకోసారి చుక్క చాలు. వేడుక అయ్యాక టేపు కొస పట్టి లాగితే అంతా కలిసి వచ్చేస్తుంది, పళ్ళెం మీద గీత కూడా ఉండదు. అద్దెకిచ్చే సామానుకి మేం చేసేది ఇదే.

నిజాంపేట_నీల
టేపు రెండు మూడు రోజుల్లో తీసేయాలి మరి. ఎండలో ఉంచితే దాని జిగురు స్టీలుకే దిగిపోతుంది. దిగితే కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి తుడవండి. మేలో అయితే కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్ళకండి, గ్లూ గన్ జిగురు ఆ వేడికి మెత్తబడి ప్లీట్లు జారతాయి.

రిబ్బన్_రాణి
అంటే చివరికి కుట్టాల్సిందే కదా. కుట్టేవాళ్ళకి గమ్ముతో పనేముంది, లోపలి వైపు ఎలాస్టిక్ వేసి పళ్ళేనికి తొడిగేయొచ్చు.

డెకర్_దొర
ఎలాస్టిక్ వేస్తే బాక్స్ ప్లీట్లు ముడుచుకుని మీ కుచ్చులైపోతాయి.

రిబ్బన్_రాణి
కుచ్చులైతే ఏం, పెళ్ళికొడుకు వాళ్ళు వద్దంటారా?

మల్కాజిగిరి_మాస్టారు
పసుపు కుంకుమ ప్రశ్న మిగిలిపోయింది. పొడిని పళ్ళెంలో నేరుగా పొయ్యకుండా గిన్నెల్లో పెట్టండి, గిన్నెల కింద పారదర్శక ప్లాస్టిక్ షీటు గుండ్రంగా కోసి పరవండి. కుంకుమ రిబ్బన్ మీద పడితే తడిగుడ్డతో రుద్దొద్దు, నేతలోకి దిగుతుంది. దులిపి, మిగిలినదాన్ని సెలోటేపు అద్ది లేపండి. పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రబడుతుందని తెలిసిందే. ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. కానీ మెరూన్‌ను ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, వెలుస్తుంది.

సోల్డరింగ్_సాంబ
చవక మెరూన్ తడిస్తే రంగు వదులుతుంది కూడా. తెల్ల దూది తడిపి రుద్ది చూశాక కొనండి. పక్కనే క్రీమ్ ఉంది కదా, తమలపాకుల మీద నీళ్ళు చల్లితే అయిపోయిందంతే.

కూకట్‌పల్లి_కోడలు
మాస్కింగ్ టేపు, విడిగా కుట్టు, రంగుకు రెండు రోల్స్. రాసుకున్నాను. బోలు కూడా పెడదామంటోంది మా ఆడపడుచు.

సోల్డరింగ్_సాంబ
దొరగారూ, చదివారా?