1780 అని ఉన్న వెండి నాణెం నిజంగా 1780 నాటిదేనా?

డబ్బా_నాణేలు:
అందరికీ నమస్కారం. నాణేల విషయంలో నేను పూర్తిగా కొత్త. మా తాతయ్య పాతికేళ్లు సరుకు ఓడల్లో, ఇంజన్ గదిలో పనిచేశారు. పోయిన నెల ఆయన పెట్టె సర్దుతుంటే అడుగున ఒక రేకు డబ్బా దొరికింది. అందులో నలభై ఒక్క నాణేలు ఉన్నాయి. దిగిన రేవులో ఒక్కొక్కటి దాచుకున్నట్టున్నారు. అమ్మే ఉద్దేశం లేదు. ఏది ఏమిటో తెలుసుకుని ఒక్కోదానికి ఒక చీటీ రాసి పెట్టాలని ఉంది.

మూడింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి అరచేతిలో బరువు తెలిసే పెద్ద వెండి నాణెం. బొమ్మ వైపు తలకు ముసుగున్న నిండైన ముఖం ఆవిడ, భుజం దగ్గర బ్రూచి, కింద ఎస్.ఎఫ్. అనే అక్షరాలు. బొరుసు వైపు రెండు తలల గద్ద, 1780, పక్కనే చిన్న ఇంటూ గుర్తు. రెండోది విక్టోరియా రాణి రూపాయి, 1862. మూడోది చిన్న తెల్లటి నాణెం. ఒకవైపు మెలికలు తిరిగిన సంతకంలాంటి రాత, దాని కింద ఇంగ్లీషు 7 లాంటి గుర్తు. రెండో వైపు అరబ్బీ అంకెలు నాలుగు, చివరిది వి అక్షరంలా ఉంది.

రెండువందల ఏళ్ల నాణెం అంటే చాలా విలువ ఉంటుందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? అన్నీ నల్లబడి ఉన్నాయి, శుభ్రం చేయనా?

వెండిగీత:
మిగతా సంగతులు తెలిసినవాళ్లు చెబుతారు. నేను ఒక్క మాట కోసం ఆగలేక రాస్తున్నాను. దయచేసి తోమకండి. నా మొదటి వెండి రూపాయిని టూత్‌పేస్ట్ పెట్టి బ్రష్‌తో రుద్దాను. తళతళలాడింది. దీపం కింద కాస్త వంచి చూస్తే రాణి చెంప మీద వెంట్రుకంత సన్నటి గీతలు, అన్నీ బ్రష్ తిరిగిన దారిలోనే. ఆ గీతలు ఇక పోవు. వెండి మీద నలుపు దానంతట అది ఏళ్ల తరబడి పట్టిన పొర. సేకరించేవాళ్లు దాన్ని ఇష్టపడతారు, అది లేకపోతే అనుమానిస్తారు. వేళ్లతో కూడా ముఖాన్ని తాకకండి, అంచులు పట్టుకోండి.

భూతద్దం:
వెండిగీత గారి మాట ముందు పాటించండి.

మీ పెద్ద నాణెం మరియా థెరిసా థాలర్. థాలర్ అంటే ఒక రకం పెద్ద వెండి నాణెం. దాని మీద ఉన్న ఆస్ట్రియా రాణి మరియా థెరిసా 1780లో చనిపోయింది. కానీ ఎర్రసముద్రం చుట్టూ, అరేబియాలో, ఇథియోపియాలో వర్తకులకు ఆ నాణెం మీదే నమ్మకం. కొత్త బొమ్మ వేస్తే తీసుకునేవారు కాదు. అందుకని అదే సంవత్సరం, అదే ముఖంతో వియన్నా టంకశాల కొడుతూనే వచ్చింది. 1935 నుంచి రోమ్, లండన్, బొంబాయి టంకశాలలు కూడా కొట్టాయి. కాబట్టి 1780 అన్నది నమూనా పేరే తప్ప మీ నాణెం పుట్టిన ఏడు కాకపోవచ్చు. ఏ కాలంలో కొట్టారో చెప్పడానికి నిపుణులు బ్రూచి చుట్టూ ముత్యాలు, గద్ద తోక ఈకలు లెక్కపెడతారు. నాకు ఈ నాణెం అంటే ప్రాణం. ఒక ఓడ మనిషి డబ్బాలో కనబడటం కంటే దానికి తగిన చోటు లేదు.

అయితే ముందు అసలు వెండో కాదో చూడండి. తూకం 28.07 గ్రాములకు దగ్గరగా ఉండాలి. వెండి 83.3 శాతం, మిగిలింది రాగి. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని వెంటనే తెలుస్తుంది, అంటుకోకపోతే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు, ఇత్తడి కూడా అంటుకోదు. దానికంటే నీళ్ల పరీక్ష మేలు. డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. త్రాసు చూపిన అంకెతో నాణెం తూకాన్ని భాగిస్తే సాంద్రత వస్తుంది. థాలర్‌కు 10.2 దగ్గర రావాలి. అంచు మీద లాటిన్ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయేమో కూడా చూడండి. పోత పోసిన నకిలీల్లో అక్షరాలు సబ్బు అరిగినట్టుంటాయి, అంచున అతుకు గీత కనబడుతుంది.

రూపాయి సంగతీ ఇదే. 1862 అన్న ముద్ర ఆ తర్వాత పదేళ్లకు పైగా మారలేదు. సంవత్సరం ఉన్న వైపు పైనా కిందా ఉండే సన్నటి చుక్కలను బట్టి ఏ ఏడో పోలుస్తారు. తూకం 11.66 గ్రాములు.

చిన్నది ఆటోమన్, అంటే పాత టర్కీ సామ్రాజ్యపు నాణెం. ఆ మెలికల రాత తుఘ్రా, అంటే సుల్తాన్ పేరుతో ఉండే రాజముద్ర. వి లా ఉన్నది అరబ్బీ 7, 7 లా ఉన్నది 6. చాలామంది ఇక్కడే తడబడతారు. ఆ నాలుగు అంకెలు 1327 అయితే అది సుల్తాన్ ఐదో మెహ్మద్ గద్దెనెక్కిన హిజ్రీ (ముస్లిం పంచాంగపు) సంవత్సరం, అంటే 1909. కింద ఉన్న 6 ఆయన పాలనలో ఆరో ఏడు. అంటే 1914 ప్రాంతం.

విలువ గురించి: వయసుకు, ధరకు పెద్ద సంబంధం లేదు. 4వ శతాబ్దపు కాన్‌స్టంటైన్ కాలం కంచు నాణేలు ఎన్ని దొరికాయంటే, కొత్తవాళ్లు కూడా సులువుగా కొనుక్కోగలరు. 1943 అమెరికా సెంటు ఉక్కుది అయితే మామూలు నాణెం, అదే ఏడు పొరపాటున రాగి మిశ్రమంలో కొట్టినది అపురూపం. ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది, ఎంతమందికి కావాలి, ఈ మూడే ధరను తేలుస్తాయి. న్యూమిస్టా అనే నాణేల వెబ్‌సైట్‌లో మీ నాణెం రకం వెతకండి. ధర కోసం మాత్రం అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే అంకెలు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైనవి చూడండి.

డబ్బా_నాణేలు:
నిన్న రాత్రి అంతా ఇదే పని. థాలర్ 28.04 గ్రాములు. నీళ్లలో ముంచినప్పుడు 2.75 చూపింది, అంటే 10.2! అంచు మీద అక్షరాలు గట్టిగా ఉన్నాయి, వేలికి తెలుస్తున్నాయి. చిన్నదాని మీద 1327 ఉంది. తాతయ్య దాచినవి కొన్ని మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఒకదాని మీద జిగురుగా పచ్చటి పొర ఉంది. అది కిలుమేనా?

వెండిగీత:
జిగురుగా ఉందంటే కిలుము కాకపోవచ్చు, పీవీసీ ప్లాస్టిక్ వదిలిన పదార్థం. నాణేన్ని తినేస్తుంది. ఈ రోజే అన్నింటినీ ఆ కవర్లలోంచి తీసేయండి. ఆ పొరకు శుద్ధమైన అసిటోన్ అనే ద్రావకంలో కాసేపు ముంచి, రుద్దకుండా ఆరనివ్వండి. కిటికీ తీసి, మంటకు దూరంగా. గోళ్ల రంగు తుడిచే సీసా వద్దు, అందులో వేరేవి కలుపుతారు. తర్వాత మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లలో పెట్టండి.

డబ్బా_నాణేలు:
తీసేశాను. పదకొండు కవర్లు. రేపు పగటి వెలుతురులో ముత్యాలు, ఈకలు లెక్కపెట్టి రాస్తాను. రూపాయి మీద పైన చుక్కలేమీ కనబడలేదు, కింద రెండు ఉన్నట్టున్నాయి.