బాల్కనీ కంపోస్టు బకెట్‌లో పురుగులు, కంపు: ఆపేయాలా?

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి):

అందరికీ నమస్కారం. మాది మూడో అంతస్తు ఫ్లాట్. అత్తయ్యగారితో కలిపి ఇంట్లో ఐదుగురం. చెత్త తగ్గించుకుందామని జూన్‌లో పట్టుదలగా మొదలుపెట్టాం. రైతు బజారుకి గుడ్డ సంచులు, చేపలకి స్టీలు డబ్బా బాగానే అలవాటయ్యాయి. చిక్కల్లా కంపోస్టుతోనే. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ కడిగి బాల్కనీలో పెట్టి, రోజూ కూరల తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం వేస్తున్నాను. నెల తిరక్కుండానే అడుగున నల్లటి నీళ్లు, పైన తెల్ల పురుగులు, కుళ్లిన గుడ్ల కంపు. కింది ఫ్లాట్ వాళ్లు మర్యాదగానే అడిగారు గానీ నాకు తల తీసేసినట్టయింది. "చెత్త బయట పారేస్తారు గానీ, ఇంట్లో పెట్టుకుని పెంచుతారేటమ్మా" అంటున్నారు అత్తయ్యగారు. ఆపేయమంటారా?

జవాబు (సీతమ్మధార నుంచి):

ఆపకండి. ముందు రెండు సంగతులు చెప్పండి. బకెట్‌కి రంధ్రాలు ఉన్నాయా? తొక్కలతోపాటు ఎండు సరుకు ఏమైనా వేస్తున్నారా?

ప్రశ్న అడిగినవారు:

రంధ్రాలు లేవండి. వాసన బయటికి రాకూడదని మూత గట్టిగా బిగించేశాను. మూడో అంతస్తులో ఎండుటాకులు ఎక్కడివి?

సీతమ్మధార నుంచి:

అదే జరిగింది. మూత బిగించిన కొద్దీ కంపు పెరుగుతుంది. గాలి ఆడకపోతే చెత్త కుళ్లుతుంది, గాలి ఆడితే ఎరువవుతుంది. పైగా మన ఊళ్లో సముద్రపు గాలి తేమ, అందులో వానాకాలం. ఉతికిన బట్టలే ఆరవు, ఇక తొక్కలేం ఆరతాయి?

ఎరువు చక్కగా తయారవ్వాలంటే నత్రజని ఒక వంతుంటే కార్బన్ 25 నుంచి 30 వంతులుండాలి. తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. తక్కువపడే కార్బన్ ఎండు సరుకు నుంచి రావాలి. ఇంట్లో తూకాలు వేయలేం కాబట్టి నా కొలత ఇది: గిన్నెడు తడి చెత్తకి గిన్నెడు ఎండుది. మీ వాచ్‌మన్ రోజూ ఊడ్చి పోసే ఆకులు అడగండి, సంతోషంగా ఇస్తాడు. నర్సరీల్లో కొబ్బరి పొట్టు ఇటుకలు దొరుకుతాయి. రంపపు పొట్టు కూడా మంచిదే, ప్లైవుడ్‌ది మాత్రం వద్దు, దాన్లో జిగురు ఉంటుంది. ఏదీ లేకపోతే కొరియర్ అట్టపెట్టెలు చింపి వేయండి. టేపు తీసేసి సుమండీ.

ఇప్పుడున్న సరుకుని గోనె మీద పోసి ఎండుది బాగా కలపండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలకి మించి రాకూడదు. బకెట్ చుట్టూ, అడుగునా డ్రిల్‌తో రంధ్రాలు పెట్టించి, రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద పళ్లెం ఉంచండి. గుప్పెడు పాత ఎరువో, కాస్త పుల్లమజ్జిగో వేస్తే తొందరగా అందుకుంటుంది. మూడు రోజులకోసారి తిరగెయ్యాలి. నిండాక పక్కన పెట్టి రెండో బకెట్ మొదలుపెట్టండి. మా ఇంట్లో రెండు నెలలు పడుతోంది. మామిడి టెంకలు, మునక్కాయ పిప్పి అప్పటికీ అలాగే ఉంటాయి, ఏరి మళ్లీ కొత్త బకెట్‌లో వేస్తాను.

పురుగులంటే భయం వద్దు. అవి ఈగల పిల్లలు. తేమ తగ్గితే వాటంతటవే తగ్గుతాయి.

గాజువాక నుంచి:

చేపల పొలుసులు, రొయ్యల తొక్కలు వేయొచ్చా?

సీతమ్మధార నుంచి:

ఫ్లాట్ బాల్కనీలో వద్దే వద్దు. బజార్లోనే బాగు చేయించుకుని తెచ్చుకోండి. సొంత ఇల్లయితే అరటి మొదట్లో అడుగు లోతు గొయ్యి తీసి పాతెయ్యండి, పైన ఓ బండరాయి పెట్టండి. లేదంటే వీధి కుక్కలు రాత్రికే తవ్వేస్తాయి.

మధురవాడ నుంచి:

ఇంత తంటా ఎందుకండీ? తడి చెత్త వేరుచేసి కార్పొరేషన్ బండికి ఇచ్చేస్తే సరిపోదా?

సీతమ్మధార నుంచి:

నిజంగా వేరుచేసి ఇస్తే అదీ మంచి పనే, కాదనను. తడి, పొడి వేరుగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల నుంచే ఉంది. కానీ డైపర్లు, పాల ప్యాకెట్లు, సాంబారు అన్నం అన్నీ ఒకే కవర్లో కట్టి ఇస్తే ఇంక అది దేనికీ పనికిరాదు. ఊరి చెత్త పోసే కాపులుప్పాడ యార్డు పక్కగా ఓసారి వెళ్తే తెలుస్తుంది. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెంపకుండా వేలాడేలా కత్తిరించి, కడిగి ఆరబెట్టండి. ఆ చిన్న ముక్క ఊడితే ఇక ఎవరి చేతికీ దొరకదు.

ఇంకో మాట. మా ఇంట్లో అసలు మార్పు బకెట్ వల్ల కాదు, బియ్యం డబ్బా వల్ల వచ్చింది. రాత్రికి ఎవరు తింటారో అడిగి ఎసరు పెడుతున్నాం. మిగిలిన అన్నాన్ని బకెట్‌లో పోసే ముందు మీ అత్తయ్యగారిని తరవాణి (కుండలో అన్నం, నీళ్లు పోసి పులియబెట్టేది) సంగతి అడగండి. ఆవిడ ముందు మనం ఎల్‌కేజీ.

ప్రశ్న అడిగినవారు (అయిదు వారాల తర్వాత):

కంపు పోయింది! కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ల తొక్కలు కూడా పంపిస్తున్నారు, దానికి నేను ఒప్పుకోవడమా మానడమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అత్తయ్యగారు తరవాణి కుండ పెట్టారు, పిల్లలు మాత్రం ముక్కు మూసుకుంటున్నారు. బకెట్ పైన సన్నటి ఈగలు ముసురుతున్నాయి, వాటికేం చేయాలి?

సీతమ్మధార నుంచి:

పండ్ల తొక్కలు పైనే వదిలేస్తున్నట్టున్నారు. లోపలికి తోసి, పైన రెండంగుళాల మందాన కొబ్బరి పొట్టు కప్పండి. మూతకి బదులు పాత పంచె గుడ్డ కట్టండి, గాలీ ఆడుతుంది, ఈగలూ దూరవు. ఆంటీ గారికి సరేనండి, కాకపోతే వాళ్ల అట్టపెట్టెలు కూడా ఇమ్మనండి.