ఉగాది క్రీడాదినం: అమ్మాయిల సాఫ్ట్‌బాల్ స్టాల్, జోస్లిన్ ఆలో పోస్టర్ పనులు

క్రీడల కమిటీ: అందరికీ నమస్కారం. ఆలో అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) బ్యాటర్. ఆమె మీద 24×36 అంగుళాల పోస్టర్ ఒక్కటి చాలు. అవార్డులు అడుగున చిన్నగా పెడదాం: ఓక్లహోమా యూనివర్సిటీ జట్టుతో 2021, 2022 జాతీయ టైటిళ్ళు, ఆ రెండేళ్ళూ అమెరికాలో ఉత్తమ కాలేజీ సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి, 2022 కాలేజీ వరల్డ్ సిరీస్‌లో (జాతీయ టైటిల్ పోటీ) మేటి ప్లేయర్. పైన మాత్రం ఏడాదివారీ హోమ్‌రన్లే (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) పెద్దగా కనపడాలి. 2018లో 30, తర్వాత 16, 8, 34, 34. మొత్తం 122. ఆ 8 పక్కనే, కోవిడ్ వల్ల 2020 సీజన్ మార్చిలోనే ఆగిపోయిందని రాయండి. లేకపోతే పిల్లలు ఫామ్ పోయిందనుకుంటారు. మామూలుగా కాలేజీలో నాలుగేళ్ళే ఆడనిస్తారు, ఆమెకు ఐదో ఏడాది దక్కిందీ అందుకే.

పోస్టర్ రాత: డ్రాఫ్ట్‌లో ‘ప్రపంచ రికార్డు’ అని ఉంటే తీసేశాను. 122 అనేది ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయి, హోమ్‌రన్ల రికార్డు. పాతది 95, లారెన్ చాంబర్లిన్‌ది. ఆమెదీ ఓక్లహోమా జట్టే. 2022 బ్యాటింగ్ సగటు .515 అని ఊరికే వేస్తే క్రికెట్ చూసేవాళ్ళకు అర్థం కాదు. ‘నూరు అవకాశాల్లో 51 హిట్లు, వాక్‌లు లెక్కలోకి రావు’ అని కలుపుతున్నాను. వాక్ అంటే నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే మొదటి బేస్ దక్కడం.

కోచింగ్ వాలంటీర్: అక్కా, వాక్‌ల గురించి ఇంకో రెండు లైన్లు పెంచండి. 2022 ఫిబ్రవరిలో ఆలో 95 దగ్గరికి వచ్చేసరికి పిచర్లు (బంతి వేసేవాళ్ళు) ప్లేట్‌కి, అంటే బ్యాటర్ ముందుండే పలకకి, దూరంగా వేసి వాక్ ఇచ్చేస్తూ వచ్చారు. 96వ హోమ్‌రన్ మార్చి 11న హొనొలులులో, సొంత రాష్ట్రం హవాయిలోనే, హవాయి యూనివర్సిటీ మీద కొట్టింది. అన్నాళ్ళూ చెత్త బంతికి బ్యాట్ ఊపకుండా ఆగడం ఎంత కష్టమో ఆడే పిల్లలకు తెలుసు. 122 కన్నా వాళ్ళకు పనికొచ్చేది ఇదే.

మైదానం: బ్యాటింగ్ టీలు (బంతిని పైన పెట్టి కొట్టే నిలువు గొట్టం స్టాండ్లు) 2, ఫోమ్ బంతులు 24, ముఖానికి గార్డ్ ఉన్న హెల్మెట్లు 4 కావాలి. టీ నడుము ఎత్తులో, ముందు కాలికి ఎదురుగా ఉండాలి. వెనక్కి జరిగితే బ్యాట్ పూర్తిగా తిరగకముందే తగిలి బంతి పక్కకు పోతుంది. క్రికెట్ ఆడే పిల్లలు బ్యాట్‌ని కింది నుంచి లేపుతారు, అది టీ గొట్టానికి కొట్టుకుంటుంది. భుజం దగ్గర నుంచి మొదలుపెట్టించండి. వంతు కోసం ఆగే పిల్లల లైనుని 15 అడుగుల వెనక తాడు కట్టి ఆపాలి. బ్యాట్ ఆడే పిల్ల చేతిలోనే ఉండాలి, లైనులో ఎవరికీ ఇవ్వొద్దు.

ప్రింటింగ్: హోమ్‌రన్‌కి అర అంగుళం లెక్కన బార్లు గీస్తున్నాను. 34కి 17 అంగుళాలు, 8కి 4. వెడల్పు ఒక్కోటి 3, అయిదూ సరిపోతాయి. యూనివర్సిటీ ఫోటోలు అనుమతి లేకుండా వద్దు. షాపు కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేకపోతే వత్తులు విడిపోతాయి కాబట్టి అక్షరాలన్నీ అవుట్‌లైన్ చేసి (బొమ్మలుగా మార్చి) పీడీఎఫ్ ఇస్తాను. ముందు ఏ4 మీద ఒక కాపీ తీసి ఇక్కడ పెడతాను. అంకెలు ఇద్దరు సరిచూశాకే పెద్దది వేయిద్దాం.