కలలో పాము కనిపిస్తే దోషమేనా? మా అత్తయ్య గురించి అడుగుతున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి

మధురవాడ కోడలు
అందరికీ నమస్కారం. చూడ్డానికి చిన్న విషయమే గానీ మూడు వారాలుగా మా ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. మా అత్తయ్యకి 62 ఏళ్లు. దీపావళి వెళ్లిన నాలుగైదు రోజుల నుంచి ఆవిడకి ఒకటే కల. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీస్తారట. లోపల బియ్యం మీద నల్లటి పాము చుట్ట చుట్టుకుని ఉంటుందట. కాటు వేయదు, బుస కొట్టదు, తలెత్తి ఈవిడ వైపు చూస్తుందంతే. కంగారుగా మూత పెట్టబోతే మూత పట్టదు. అటూ ఇటూ తిప్పి నొక్కుతుండగానే మెలకువ. అప్పటికి టైము మూడున్నరో, నాలుగో. ఇక పడుకోరు. హాల్లో లైటు వేసుకుని కూర్చుంటారు.

మా వీధి చివర జాతకాలు చూసే ఆయన్ని అడిగితే కాలసర్ప దోషం అన్నారు. శాంతికి 18 వేలు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ వేరే. మా ఆయనేమో "ఆ డబ్బుకి ఇన్వర్టర్ వస్తుంది, కరెంటు పోయినా అమ్మకి లైటైనా వెలుగుతుంది" అని జోకు వేశారు. అత్తయ్య రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మధ్యలో నేను. కలలో పాముకి నిజంగా అర్థం ఉందా, లేదా? ఉంటే ఏం చెయ్యాలి?

పెందుర్తి పిన్ని
అమ్మా, తేలిగ్గా తీసుకోకు. పాము ఊరికే కలలోకి రాదు. మా అమ్మ చెప్పేది: కలలో పాము కరిస్తే మంచిదే, పీడ వదిలినట్టు. వెంటపడి తరిమితే దోషం. చంపినట్టు వస్తే శత్రువులు పోతారు. కదలకుండా చూస్తూ ఉంటే మాత్రం ఏదో అడుగుతోందని లెక్క. మొక్కు ఏదైనా మర్చిపోయారేమో అత్తగారిని అడిగి చూడు. నాకు పెళ్లయి ఆరేళ్లు పిల్లల్లేరు. కలలో పాము కనిపించిన ఏడాదే పెద్దమ్మాయి కడుపున పడింది. ముగ్గురు పిల్లలకీ 'నాగ' కలిపే పేర్లు పెట్టుకున్నాం.

సి షిఫ్ట్
పిన్నిగారూ, మీరు చెప్పిన లెక్కలో ఓడిపోవడమన్నదే లేదు గమనించారా? కరిస్తే మంచిది, కరవకపోతే అడుగుతోంది, తరిమితే దోషం. ఏం జరిగినా లెక్క సరిపోతుంది. ఇంక తప్పని తేలేదెప్పుడు?

తెల్లారగట్ల మెలకువ వెనక మర్మం కూడా ఏమీ లేదు. కనుగుడ్లు రెప్పల కింద గబగబా కదిలే నిద్ర ఒకటి ఉంది, రెమ్ అంటారు. 1953లో షికాగో యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టారు. కళ్లకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. రాత్రి మొదట్లో అది కాసేపే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పెరుగుతుంది. అందుకే తెల్లవారుజాము కల గుర్తుండిపోతుంది. గుర్తుండేది అదొక్కటే కాబట్టి నిజమయ్యేది అదే అనిపిస్తుంది. నేను స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటే కరిగిన ఉక్కు మోసే లాడిల్ నా మీద ఒలికినట్టు కల. పదకొండేళ్లుగా వస్తోంది. దానికి ఏ గ్రహానికి శాంతి చెయ్యాలి?

పెందుర్తి పిన్ని
పదకొండేళ్లుగా ఏమీ కాకుండా ఏ దేవుడు కాపాడుతున్నాడో ముందు అది చెప్పు నాయనా.

చినవాల్తేరు మాస్టారు
నేను సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇద్దరూ శాస్త్రాన్ని చూడకుండానే వాదించుకుంటున్నారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, ఇంద్రియస్థానం ఐదో అధ్యాయంలో కలలు ఏడు రకాలని ఉంది. కళ్లతో చూసినదాని వల్ల వచ్చేవి దృష్టం. చెవిన పడ్డదాని వల్ల వచ్చేవి శ్రుతం. అనుభవించినదాని వల్ల అనుభూతం. కోరుకున్నదాని వల్ల ప్రార్థితం. ఊహించుకున్నదాని వల్ల కల్పితం. జరగబోయేది చెప్పేవి భావికం. వాతపిత్తకఫాలు చెడి వచ్చేవి దోషజం. ఇక్కడ 'దోషం' అంటే ఒంట్లోది, జాతకంలోది కాదు. ఈ ఏడింటిలో మొదటి ఐదింటికీ ఫలితం లేదని వైద్యుడు చెప్పాలి అంటాడు చరకుడు. మరీ పొట్టి కల, మరీ పొడుగు కల, పగటి కల కూడా ఆ లెక్కలోవే. అంటే, ఈ రోజుల్లో ఏం చూశావు, ఏం విన్నావు, దేనికి బెంగపడుతున్నావు అని అడగకుండా ఫలితం చెప్పేవాడు శాస్త్రం చెప్పినట్టు కాదు.

అగ్నిపురాణం లెక్కా ఒకటుంది. మొదటి జాము కల ఏడాదికి ఫలిస్తుంది, రెండో జాముది ఆరు నెలలకి, మూడోది మూడు నెలలకి, నాలుగో జాముది పక్షం రోజుల్లో. మూడున్నర అంటే నాలుగో జాము. కోడలుగారి లెక్క ప్రకారం మొదటి కల వచ్చి మూడు వారాలైంది. గడువు ఎప్పుడో దాటిపోయింది!

ఇక కాలసర్పం. రాహుకేతువుల మధ్య మిగతా గ్రహాలన్నీ ఇరుక్కుంటే కాలసర్పం అంటున్నారు. పాత జ్యోతిష గ్రంథం, వరాహమిహిరుడి బృహజ్జాతకంలో ఈ పేరే లేదు. సర్పయోగం అని ఒకటి ఉంది, దానికీ రాహుకేతువులకీ సంబంధం లేదు. ఆ సంగతి పక్కన పెట్టినా, జాతకం పుట్టినప్పటిది. అరవై రెండేళ్లు నిద్రపోయిన దోషం మొన్న దీపావళి టపాకాయలకి లేచిందా?

అందుకే అడుగుతున్నాను. దీపావళి తర్వాత నాలుగైదు రోజులంటే నాగులచవితి. ఆ రోజు ఏం జరిగింది?

భీమిలి బుల్లోడు
మాస్టారూ అదిరింది. ఫ్రాయిడ్ గారైతే పాముకి ఏం అర్థం చెప్పేవారో ఇక్కడ రాయలేను, పిన్నిగారు కూడా ఉన్నారు. ఆయన కలల పుస్తకం మీద 1900 అని ఉంటుంది గానీ వచ్చింది 1899 నవంబర్‌లో. కెకూలే అనే జర్మన్ కెమిస్ట్‌కి పాము తన తోక తానే నోట కరుచుకున్నట్టు కలొచ్చి, బెంజీన్ అనే రసాయనం అణువుకి ఉంగరం ఆకారం దొరికిందట. కాబట్టి పాము కలలు మంచివే. మీ అత్తయ్యకి నోబెల్ గ్యారంటీ.

సి షిఫ్ట్
బుల్లోడూ, కెకూలే పేపరు వేసింది 1865లో. కల సంగతి చెప్పింది 1890లో, తనకి జరిగిన సన్మానంలో. పాతికేళ్ల తర్వాత దండలు వేసుకుని చెప్పిన కల అది. నిజంగా వచ్చిందా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

ఎంవీపీ సెక్టార్ ఫోర్
సైకాలజీ పీజీ చేస్తున్నాను. పాము భయం మీద ఒక మాట. ల్యాబ్‌లో పుట్టి పెరిగి పామునే చూడని కోతులకి, వేరే కోతులు పామును చూసి బెదిరిపోతున్న వీడియో చూపించారు. అవి కూడా భయం నేర్చేసుకున్నాయి. అదే వీడియోలో పాము స్థానంలో పువ్వులు పెట్టి, పువ్వుల్ని చూసి బెదిరినట్టు చూపిస్తే నేర్చుకోలేదు. 1989లో మినేకా, కుక్ అనే ఇద్దరు వేసిన పేపరు. అంటే పాముని చూసి జడుసుకోవడానికి బుర్ర సగం సిద్ధంగానే ఉంటుంది, మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్లు నేర్పుతారు. ఆందోళన ఉన్నప్పుడు బుర్ర దానికో బొమ్మ వెతుక్కుంటే పాము చేతికి దగ్గర్లో ఉంటుంది, అంతే.

పెందుర్తి పిన్ని
కోతులకి నాగులచవితి ఉందా తల్లీ? అవి పుట్టలో పాలు పోస్తాయా? మేం పాముని చూసి భయపడటమే కాదు, దణ్ణం కూడా పెడతాం. ఆ దణ్ణం సంగతి మీ పేపర్లో రాశారా?

ఎంవీపీ సెక్టార్ ఫోర్
...లేదండి. నిజమే, అది రాయలేదు.

అడవివరం కుర్రాడు
మీరంతా కలలో పాముతోనే ఉన్నారు. నేను ఊళ్లో పాములు పట్టేవాళ్లతో తిరుగుతుంటాను. మధురవాడలో కంబాలకొండ వైపు ఇల్లయితే ఒకటే అడుగుతాను, అత్తయ్యగారు నేల మీద పడుకుంటారా? కట్లపాము తిరిగేది రాత్రే. నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు, కాటు గుర్తు కూడా సరిగ్గా కనపడదు. పొద్దున్నే కడుపునొప్పి, కనురెప్పలు బరువుగా వాలిపోవడం అంటే ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి. కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, మంత్రం వేయించొద్దు. మంచం మీద దోమతెర కట్టి, అంచులు పరుపు కింద దోపితే సగం భయం పోతుంది. కలలో పాము ఏం చేసినా పర్లేదు.

మధురవాడ కోడలు
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, థాంక్సండి. అత్తయ్య మంచం మీదే పడుకుంటారు. మాస్టారు అడిగింది పొద్దున కూర్చోబెట్టి అడిగాను. మొదట "ఏం లేదే" అన్నారు. కాఫీ తాగాక మెల్లగా చెప్పారు.

మా వెనక ఖాళీ స్థలంలో వేపచెట్టు కింద ఒక పుట్ట ఉండేది. ఈ ఇంటికి వచ్చిన పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పాలు పోసేది దానికే. చలిమిడి, చిమ్మిలి, తాటాకు బుట్టలో పువ్వులు, అన్నీ పట్టుకెళ్లి తడిబట్టతో దణ్ణం పెట్టుకొచ్చేవారు. మొన్న వర్షాకాలంలో ఆ స్థలం అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. ఒక్క పూటలో జేసీబీ చదును చేసింది. ఆ రోజు ఈవిడ పెరటి గోడ దగ్గరే నిలబడి చూశారట. "ఆపండి అని ఒక్క మాట అనలేదే నేను" అన్నారు నాతో. ఈ చవితికి గుళ్లో రాతి నాగులకి పాలు పోశాం. బాగానే జరిగిందనుకున్నాను. ఆ రాత్రి నుంచే ఈ కల.

ఇంకోటి. బీపీ మాత్ర కూడా దసరా వెళ్లాక మార్చారు.

పెందుర్తి పిన్ని
చూశారా! అడుగుతోందని నేనంటే నవ్వారు. ఇల్లు పోయిన పాము ఎక్కడికెళ్తుంది? తనకి ఏటేటా పాలు పోసిన ఇంటికే వస్తుంది. బియ్యం డబ్బాలో చుట్ట చుట్టుకుని ఉందంటే అదే కొత్త పుట్ట.

సి షిఫ్ట్
పిన్నిగారూ, ఆ బియ్యం డబ్బా మాట ఒప్పుకుంటాను, బాగా చెప్పారు. కానీ ఆ కొత్త పుట్టని పాము కోపంతోనూ కట్టలేదు, ప్రేమతోనూ కట్టలేదు. ఆవిడ మనసు కట్టింది. చూస్తూ ఊరుకున్నానే అన్న బాధ అది. చరకుడి భాషలో దృష్టం ప్లస్ అనుభూతం. మాస్టారు రూల్ ప్రకారం ఫలితం సున్నా.

చినవాల్తేరు మాస్టారు
ఫలితం సున్నా అంటే జరగబోయేదేమీ లేదని. జరిగిపోయినది లేదని కాదు బాబూ. తొందరపడకు.

ఈ బియ్యం డబ్బా గురించి నాక్కూడా ఒకటి తోస్తోంది. అద్వైత గురువు గౌడపాదుడు మాండూక్య కారికల్లో, అంటే మాండూక్య ఉపనిషత్తు మీద రాసిన శ్లోకాల్లో, కలల గురించి చెప్పిన ప్రకరణంలోనే చీకట్లో తాడుని చూసి పామనుకోవడం గురించీ చెబుతాడు. దీపం తెస్తే అది తాడే. మరి అత్తయ్యగారి విషయంలో దీపం తెచ్చి చూస్తే కనపడింది తాడు కాదు, జేసీబీ. దీనికి ఏ కారిక చదవాలో నాకు తెలియలేదు.

అక్కయ్యపాలెం మందుల షాపు
బీపీ మాత్ర గురించి ఎవరూ పట్టించుకోలేదేం? ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లతో కొందరికి పీడకలలు వస్తాయి. కొత్తగా రాసింది ఆ రకమో కాదో చీటీ చూపించి డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఈ రకం ఒక్కసారిగా ఆపేస్తే గుండెకి ప్రమాదం.

భీమిలి బుల్లోడు
తప్పు మాత్రదా, పుట్టదా, మనసుదా? పందెం ఎవరెవరు కాస్తారు?

ఎంవీపీ సెక్టార్ ఫోర్
పందెం కాదుగానీ, పీడకలలు పదేపదే వస్తుంటే చేయించే పద్ధతి ఒకటుంది. మెలకువగా ఉన్నప్పుడు అదే కలని చెప్పించి, చివర మాత్రం వాళ్లకి నచ్చినట్టు మార్పిస్తారు. ఆ కొత్త కథని రోజూ కాసేపు కళ్లు మూసుకుని తలుచుకోవాలి. పాముని తీసేయక్కర్లేదు. మూత పట్టినట్టు ఊహించుకోవచ్చు. లేదా పాము దిగి వెళ్లిపోయినట్టు. చాలామందికి కలలు తగ్గుతాయి.

పెందుర్తి పిన్ని
అమ్మాయీ, ఇంకో పది రోజుల్లో సుబ్బారాయుడి షష్ఠి. దగ్గర్లోని గుళ్లో పాలతో అభిషేకం చేయించండి. ఆ 18 వేల ఆయన జోలికి మాత్రం వెళ్లకండి. దేవుడికి పాలు చాలు. శాంతి ఖరీదు అంకెల్లో చెప్పేవాణ్ణి మా అమ్మ కూడా నమ్మేది కాదు.

సి షిఫ్ట్
అభిషేకం కూడా అదే దారి కదా పిన్నీ, చవక బేరం అంతే.

చినవాల్తేరు మాస్టారు
ఇక్కడ నేను పిన్నిగారి పక్షం. ఆవిడకి కావలసింది జాతకం కాదు, క్షమాపణ చెప్పుకోవడానికి ఒక చోటు. అది పద్దెనిమిదేళ్లు పెరటి వెనకే ఉండేది.

మధురవాడ కోడలు
చివరి కబురు. మా ఆయన రాత్రి ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించారు. కోతుల దగ్గర పిన్నిగారు అడిగిన ప్రశ్నకి పడీపడీ నవ్వారు. మూడు వారాల తర్వాత ఆ నవ్వు వినడం. జాతకాల ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం, "తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి నాకు కొంచెం టెన్షన్ పట్టుకున్న మాట నిజం. మాత్ర మందుల షాపు వారు చెప్పిన రకమే. డాక్టరు వేరేది రాసి, పాతది మెల్లగా ఎలా తగ్గించాలో చెప్పారు. షష్ఠికి అభిషేకం టికెట్టు తీసుకున్నాం. దోమతెర కూడా కొన్నాం, ఊరికే.

కల నిన్నా వచ్చిందట. ఈసారి మూత పెట్టబోలేదట. "ఉంటే ఉండనీలే అని పక్కన తవ్వతో బియ్యం తీసుకున్నాను" అన్నారు. నాలుగున్నరకి లేచి, లైటు వేసుకుని కూర్చోకుండా వాకిట్లో ముగ్గు వేశారు.

సి షిఫ్ట్
సంతోషం. కానీ మాత్ర మారింది, గుడి కుదిరింది, దోమతెర వచ్చింది, మనసు విప్పి చెప్పుకున్నారు. నాలుగూ ఒకేసారి చేసేశారు. ఇంక దేనివల్ల తగ్గిందో ఎవరికి తెలుస్తుంది?

పెందుర్తి పిన్ని
మాకు తెలుసులే. నువ్వు పడుకో నాయనా, మళ్లీ రాత్రికి సి షిఫ్టు.