జెండా ముడి ఒక్క లాగుకే ఊడాలంటే ఎలా కట్టాలి?

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే. ఆగస్టు 15న ఒడియా వాళ్లూ మేమూ కలిసే జెండా ఎగరేస్తాం. ఈసారి జెండా కట్టే పని నా మీద పడింది, అదే టెన్షన్.

పోయినేడాది వానకి నూలు తాడు నానిపోయి ముడి బిగుసుకుపోయింది. మేష్టారు లాగుతున్నారు, జెండా విచ్చుకోదు. పిల్లలు సెల్యూట్ చేసిన చేతులు దించకుండా పైకే చూస్తున్నారు. చివరికి ఒక కుర్రాడు నిచ్చెనెక్కి విప్పితే, లోపల పెట్టిన బంతిపూల రేకులు ముద్దగా వాడి నెత్తినే పడ్డాయి!

మాది 900 బై 600 మిల్లీమీటర్ల ఖాదీ జెండా. ముడి ఎలా వేయాలి? నైలాన్ తాడు నయమా? అసలు జనవరి 26కి పైన కట్టి విప్పుతారు, ఆగస్టు 15కి కింది నుంచి పైకి లాగుతారు కదా. మేం రెండింటికీ పైనే కట్టేస్తున్నాం. కింది నుంచి ఎగరేస్తే ఈ ముడి గొడవే ఉండదేమో? 2022 నుంచి రాత్రి కూడా ఉంచొచ్చు గానీ, మా పెద్దలు పొద్దుగూకేలోపు దించాల్సిందే అంటారు. దానికి నేను అడ్డు చెప్పను.

ఇంకొకటి. పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా చూపించిన సంగతి ఐదు నిమిషాలు చెప్పాలి, ఒడియా పిల్లలకీ అర్థమయ్యేలా. రెండు భాషల్లో సభ నడిపినవాళ్లుంటే, వాక్యం వాక్యం మార్చి చెప్పారా, విడివిడిగానా?