కుడిచేతికి నాలుగు, ఎడమచేతికి మూడు: షోపాన్ దగ్గర ఆగిపోయాను

ప్రశ్న (తోటపాలెం, విజయనగరం)

నమస్కారం అండీ. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాలుగేళ్లుగా పియానో నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఉన్నది 61 కీల కీబోర్డు. పాశ్చాత్య స్వరకర్త షోపాన్ రాసిన పియానో పీసు ఫాంటసీ ఇంప్రామ్ట్యూ మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఏ చెయ్యికి ఆ చెయ్యి విడిగా బాగానే వస్తుంది. కలిపానంటే ఐదో బార్‌లోనే (కొన్ని బీట్లు కలిసిన ఒక గడి) చెడిపోతుంది. అక్కడ బీటుకి కుడిచేతికి నాలుగు స్వరాలు, ఎడమచేతికి మూడు. నా ఎడమచెయ్యి కుడిదాని వెంట పడిపోతోంది. వీడియోల్లో అందరూ నెమ్మదిగా వాయించమంటారు. నెమ్మదిగా వాయిస్తే ఇంకా తప్పుతున్నాను! సాయంత్రం ఏడున్నరకి ఇల్లు చేరితే దొరికేది ఒక్క గంట. కూర్చోగానే టెన్షన్ మొదలవుతోంది. ఈ పీసంటే నాకు ప్రాణం, వదల్లేను. దారి చెప్పండి.

జవాబు (శ్రీకాకుళం, మృదంగం చెప్తాను)

అమ్మా, నాకు పియానో రాదు. కానీ మీరు చెప్పినది మా ఇంటి సంగతే. చతురశ్రం (నాలుగు) మీద తిశ్రం (మూడు).

ముందు కీబోర్డు కట్టేసి చాప మీద కూర్చోండి. ఒక బీటుని 12 భాగాలు చేసుకుని తొడల మీద వెయ్యండి. కుడిచెయ్యి 1, 4, 7, 10. ఎడమచెయ్యి 1, 5, 9. ఒకటి మీద రెండూ కలుస్తాయి, తర్వాత కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఇందులో 4, 5 పక్కపక్కనే పడతాయి, 9, 10 కూడా అంతే. మధ్యలో 7 ఒంటరిగా ఉంటుంది. చాలామంది ఈ దెబ్బలన్నీ సమానంగా పంచేస్తారు. తప్పంతా అక్కడే.

అది కుదిరాక నోటితో తకధిమి (నాలుగు) అంటూ ఎడమచేత్తో తకిట (మూడు) వెయ్యండి. తర్వాత నోటితో తకిట, కుడిచేత్తో తకధిమి. ఈ రెండోది కష్టం, దాన్ని మాత్రం వదలకండి.

నెమ్మదిలో ఎందుకు తప్పుతున్నారంటే, లెక్క లేని నెమ్మదిలో దెబ్బల మధ్య ఎడం పెరిగి లయ మనసులో నిలవదు. వేగం పెరిగాక మాత్రం 12 లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. అప్పుడు ఒకటో దెబ్బ కలుస్తోందా లేదా అన్నదే వినండి.

మీ ఊరి సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులకీ రెండు కాళ్లకీ తలకీ వేర్వేరు తాళాలు నడిపిన మనిషి. ఆయన ఊళ్లో ఉన్న మీకు రెండు చేతులు ఎందుకు లొంగవు?

జవాబు (విజయనగరం, చర్చిలో కీబోర్డు వాయిస్తాను)

మాస్టారు చెప్పిన లెక్క సరైనదే. ఒక్క సంగతి కలుపుతాను. ఆ ఐదో బార్‌లో కుడిచేతికి మొట్టమొదటి స్వరం లేదు, విరామం ఉంది. అంటే ఒకటి మీద ఎడమచెయ్యి ఒక్కటే మోగుతుంది, కలిసే చోటు చెవికి అందదు. మీరు జారేది అక్కడేనని నా అనుమానం. రెండో బీటు నుంచి మొదలుపెట్టండి, అక్కడ రెండూ కలుస్తాయి. ఒక బీటు వాయించి తర్వాతి బీటు మొదటి స్వరం మీద ఆగండి. చేతులు వదులు చేసుకుని మళ్లీ. అది వచ్చాక రెండేసి బీట్లు.

వేళ్ల నంబర్లు పెన్సిల్‌తో రాసుకోండి, రోజుకో వేలు మార్చకండి. పుస్తకం కూడా ఒక్కటే పట్టుకోండి. ఇది షోపాన్ 1834లో రాసినా బతికుండగా అచ్చువేయలేదు, 1855లో స్నేహితుడు ఫోంటానా వేయించాడు. షోపాన్ రాతప్రతిని బట్టి వేసిన పుస్తకాల్లో స్వరాలు కొన్నిచోట్ల వేరు. బాగా అలిసిపోయిన రోజు మధ్యలో వచ్చే నెమ్మది భాగం సాధన చేసుకోండి.

మళ్లీ నేనే (తోటపాలెం)

పదహారు రోజులైంది. ఆఫీసులో భోజనం అయ్యాక పది నిమిషాలు ఒళ్లోనే వేసుకున్నాను. తకిట నోటితో అంటూ కుడిచేత్తో నాలుగు వెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. విరామం సంగతి నిజమేనండీ, నేను లేని స్వరాన్ని వేలితో తడుముతున్నాను. రెండో బీటు నుంచి మొదలుపెట్టాక నిన్న రాత్రి ఐదు, ఆరు బార్లు మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 50 బీట్లలో వరుసగా నాలుగుసార్లు వచ్చాయి. నాలుగోసారి అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి వింది. మాస్టారికి, మీకూ నమస్కారాలు.

ఇంకొక్కటి అడుగుతాను. పెడల్ (స్వరాన్ని సాగనిచ్చే కాలి మీట) ఇప్పుడే కలపాలా, చేతులు కుదిరేదాకా ఆగాలా?