కాలిపోయిన ఎడారి స్థలంలో గింజలు ఎప్పుడు చల్లాలి? (అరిజోనా, కేవ్ క్రీక్ వైపు)

కొండకింద_ఇల్లు: అందరికీ నమస్కారం. ఫీనిక్స్‌కి ఉత్తరాన మాకు రెండున్నర ఎకరాల ఎడారి స్థలం ఉంది. జూన్ మంటల్లో చాలావరకు కాలిపోయింది. పాలో వర్డీలు (పచ్చ బెరడు ఎడారి చెట్లు) మోడులయ్యాయి, సవారోలు (స్తంభాల్లాంటి పెద్ద కాక్టస్‌లు) మొదళ్ల దగ్గర నల్లబడ్డాయి. ‘ఎడారి పూల గింజలు’ అని బస్తా అమ్ముతున్నారు, వానలు మొదలయ్యేలోపు చల్లేద్దామా? మాడిన సవారోలు కొట్టించేయాలా?

పాలోవర్డీ: రెండూ వద్దండీ, ఆగండి. సవారో మంట తర్వాత చనిపోవడానికి ఏళ్లు పడుతుంది, కొన్ని బతికి బట్టకడతాయి కూడా. మొదలు చుట్టూ నల్లబడినంత మాత్రాన పోయినట్టు కాదు. ఇల్లు, దారి మీద పడే ప్రమాదం ఉన్నదాన్ని మాత్రమే తీయించండి. అదీ రాష్ట్ర వ్యవసాయ శాఖ నియమాలు చూసుకున్నాకే. సవారోకి అక్కడ చట్టరక్షణ ఉంది.

మిగతావాటిలో ఏది చిగురిస్తుందో ఈ వానల్లోనే తెలిసిపోతుంది. మెస్కీట్ (మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే), క్యాట్‌క్లా, హొహోబా లాంటి ముదురు పొదలు మొదలు నుంచి పిలకలు వేస్తాయి. పాలో వర్డీ కొన్ని వేస్తుంది, కొన్ని వేయదు. బర్‌సేజ్, బ్రిటిల్‌బుష్ అనే చిన్న పొదలు చాలావరకు చచ్చిపోతాయి. క్రియోసోట్ పొద మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. సెప్టెంబరు చివరిదాకా ఏ మోడునీ పీకకండి. చిగురించిన వాటికి రిబ్బన్ కట్టండి. కొత్త మొక్కలు ఎన్ని కావాలో ఆ తర్వాతే లెక్క తేలుతుంది.

గడ్డిమీదే_పోరు: అసలు పని గడ్డితో. 2005లో ఈ వైపే కేవ్ క్రీక్ కాంప్లెక్స్ మంటలో దాదాపు 2,48,000 ఎకరాలు కాలాయి. ముందటి చలికాలం వానలు బాగా పడి ఎర్ర బ్రోమ్ గడ్డి ఏపుగా పెరిగింది, వేసవికి ఎండి చెట్టుకీ చెట్టుకీ మధ్య వత్తిలా పనిచేసింది. సహజంగా ఈ ఎడారిలో చెట్ల మధ్య ఖాళీ నేల ఉంటుంది కాబట్టే మంట పాకదు. గడ్డిని వదిలేసి చెట్లు నాటితే తర్వాతి మంటకి కట్టెలు పేర్చినట్టే.

ఇక్కడ పోరాడాల్సినవి రెండు గడ్డులు, ఎర్ర బ్రోమ్, బఫెల్. రెండింటికీ విరుగుడు వేరు. ఎర్ర బ్రోమ్ చలికాలపు వానకి మొలుస్తుంది. ఫిబ్రవరి–మార్చిలో కంకి ఎర్రబడకముందే పీకేయండి. దాని గింజ నేలలో ఎక్కువ కాలం బతకదు కాబట్టి వరసగా రెండు మూడేళ్లు గింజ పడనివ్వకపోతే బాగా తగ్గుతుంది.

బఫెల్ గడ్డి మొండిది. అనంతపురం వైపు మేతకి వేసే అంజన్ గడ్డి ఇదే. అక్కడ పశువులు మేస్తాయి, ఇక్కడ మేసేవి లేవు. కాలిన కొద్ది రోజులకే దుబ్బు మళ్లీ పచ్చబడుతుంది. వాన పడి నేల మెత్తబడ్డాక గునపంతో దుబ్బు గడ్డ మొత్తం లేచేలా పెకలించాలి. ఆకులు మాత్రమే తెగితే మళ్లీ వస్తుంది. కంకి ఉంటే సంచిలో కట్టి బయటికి పంపండి. గ్లైఫోసేట్ (కలుపుమందు) కొట్టేటట్టయితే దుబ్బు పచ్చగా ఎదుగుతున్నప్పుడే, లేబుల్ మోతాదులోనే. ఎండిన గడ్డి మీద కొడితే డబ్బు దండగ.

గింజలమూట: గింజల సంగతి. బస్తా మీద జాతుల పేర్లు చదవండి. ‘నేలకోత ఆపే మిశ్రమం’ అని బెర్ముడా గడ్డి, లేమన్ లవ్‌గ్రాస్ కలిపితే ముట్టుకోవద్దు, అవీ బయటినుంచి వచ్చి పాకే గడ్డులే.

తర్వాత శుద్ధత (బస్తాలో అసలు గింజ ఎంత శాతం), మొలకశాతం చూసి రెండింటినీ గుణించండి. 90 శాతం శుద్ధత, 60 శాతం మొలక ఉంటే 0.54. అంటే ఒక పౌండు బతికున్న గింజ కావాలంటే బస్తాలోంచి 1.85 పౌండ్లు తీయాలి. చేత్తో చల్లడానికి చదరపు అడుక్కి 20–40 బతికిన గింజలు. ఎకరాలంతా పలచగా చల్లకండి, చీమలు, ఎలుకలు ఊడ్చుకుపోతాయి. అక్కడక్కడ మడులు చేసి వాటిలోనే చల్లండి.

బ్రిటిల్‌బుష్, బర్‌సేజ్, గ్లోబ్‌మ్యాలో చలికాలపు వానకి మొలిచేవి, నవంబరులో చల్లాలి. పాలో వర్డీ, మెస్కీట్ వేసవి వానకి మొలుస్తాయి, వచ్చే జూన్ చివర్లో. వీటి పెంకు గట్టిది. గరుకు కాగితంతో ఒక పక్క తెల్లబడేదాకా రుద్ది రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతులో పెట్టండి. చిన్న గింజలు మాత్రం పైనే చల్లి కాలితో అదిమితే చాలు.

మడిలో మూడు నాలుగు అంగుళాల లోతు గుంటలు తీసి, మీద కాలిన కొమ్మలు, ముళ్లకంప పరవండి. నీడ, గాలి అడ్డు, కుందేళ్ల అడ్డు మూడూ దాంతోనే.

కొండకింద_ఇల్లు: చాలా థ్యాంక్స్ అండీ. బూడిద కింద నేల నీళ్లు పీల్చుకోవట్లేదు. పోస్తే జారిపోతోంది.

పాలోవర్డీ: పొదల కింద అలా అవుతుంది. బూడిద పక్కకి నెట్టి అంగుళం లోతున ఒక నీటిచుక్క వేయండి. ఐదు సెకన్లు దాటినా పూసలా నిలబడితే పైపొర నీటిని తోసేస్తున్నట్టు. చదునుగా ఉన్నచోట, మడుల వరకే పళ్లపార (రేక్)తో రెండంగుళాలు కదపండి. వాలులో కదిపితే మొదటి వానకే మట్టంతా వాగులో ఉంటుంది. అక్కడ వాలుకి అడ్డంగా, నేలకి ఆనేలా కొమ్మలు పేర్చండి. కొమ్మలకి బదులు గడ్డి చుట్టలు కొంటే కలుపుగింజలు లేవన్న ధ్రువీకరణ ఉన్నవే. నల్లటి గట్టి పొర (నాచు, సూక్ష్మజీవులు అల్లుకుని నేలని పట్టి ఉంచేది) చెదరని చోట అడుగు కూడా వేయకండి.

గింజలమూట: కుండీ మొక్కలు కూడా పెట్టేటట్టయితే అక్టోబరు–నవంబరులో. పాదు చేసి, అర అంగుళం కన్ను జల్లెడ వలని రెండడుగుల ఎత్తున చుట్టి, అడుగున కొద్దిగా పూడ్చండి. మొదటి వేసవి రెండు వారాలకోసారి ఏడెనిమిది లీటర్లు నిదానంగా పోయండి. రోజూ కాస్త కాస్త పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది.

సవారో పిల్లని మాత్రం ఎండలో ఒంటరిగా పెట్టకండి, చిగురించిన పాలో వర్డీకి ఉత్తరం పక్కన నాటండి. నర్సరీ కుండీలో దక్షిణం వైపు ఏదో గుర్తు పెట్టుకుని అదే వైపుకి తిప్పి నాటాలి, లేదంటే తొక్క మాడుతుంది. మొదటి ఎనిమిదేళ్లలో అది ఎదిగేది అంగుళం, అంగుళంన్నర. పక్కన ఓ రాయి పెట్టుకోండి, కలుపు తీసేటప్పుడు కాలి కింద పడకుండా.